దేశదిమ్మరి నరానికి నివాస ధ్రువపత్రం

ఆంధ్రా సరిహద్దులో ఒడిశా వైపున్న మా పర్లాకిమిడిలో ఒకప్పుడు గుండె దడ వస్తే గ్యాసు అనేవారు. నిద్ర పట్టకపోయినా గ్యాసే. కూతురి సంబంధం తప్పిపోయిన దిగులు కూడా గ్యాసే. ఒక సోడా తాగితే తీరిపోయేది, లేదా తీరిందనుకునేవారు. మొన్న హైదరాబాదు నుంచి దిగిన మా మేనల్లుడు, "అది గ్యాసు కాదు మావయ్యా, వేగస్ నరం" అని తేల్చేశాడు. అప్పటి నుంచి మా వీధిలో సోడా బేరం పడిపోయింది.

బాధ్యత గల పౌరుడిగా ఈ నరం పుట్టుపూర్వోత్తరాలు విచారించాను. మెదడు అడుగున పుట్టి, మెడలోంచి దిగి, గుండెనూ ఊపిరితిత్తులనూ పలకరించి పేగుల దాకా పోతుంది. లాటిన్‌లో వేగస్ అంటే దేశదిమ్మరి అని అర్థం. పాతపట్నంలో అత్తారిల్లు, గుణుపూర్‌లో వ్యాపారం, పర్లాకిమిడిలో ఓటు ఉన్న మాకు ఇలాంటివాడు కొత్త కాదు.

ఒంట్లోనూ రెండు ప్రభుత్వాలే. సింపథెటిక్ అనే నరాల జట్టు వాళ్లు "తన్ను, లేదా పారిపో" అంటారు. పారాసింపథెటిక్ అనే ఇంకో జట్టు వాళ్లు "కూర్చో, తిన్నది అరగనీ" అంటారు. వేగస్ ఈ రెండో పార్టీకి పెద్ద దిక్కు. ఆంధ్రా, ఒడిశా రెండూ మావేనంటున్న కొటియా ఊళ్లలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నవాడికి బియ్యమైనా దొరుకుతుంది. ఒంట్లో మాత్రం మొదటి పార్టీ నెలల తరబడి కుర్చీ దిగకపోతే నిద్ర, ఆకలి, మనసు మూడూ చెడతాయి.

ఇంకో వింత. ఈ నరంలోని పోగుల్లో సుమారు 80 శాతం కింది నుంచి పైకి కబుర్లు మోసేవే. పేగులు అర్జీ పెడితే మెదడు చదువుతుంది! ఈ పద్ధతి భువనేశ్వర్‌కీ అమరావతికీ ఇంకా చేరలేదు. మన భాష మాత్రం ఎప్పుడో పసిగట్టింది. అసూయకు కడుపుమంట అంది, ఎదుటివాడి తప్పును కడుపులో పెట్టుకోమంది, బిడ్డ పోయిన దుఃఖానికి కడుపుకోత అని పేరు పెట్టింది.

1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త ఒక కప్ప గుండెకున్న వేగస్‌ను ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని రెండో కప్ప గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. 1936లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. అదే ఏడు మమ్మల్ని ఒడిశాలో కలిపారు. కప్పలకు నెమ్మది వచ్చింది, మాకు సర్టిఫికెట్లు వచ్చాయి.

మేనల్లుడు చెప్పినవాటిలో నిజమూ ఉంది. ఊపిరి నిదానంగా, పొడుగ్గా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. మందులకు లొంగని తీవ్రమైన డిప్రెషన్‌కు ఛాతీలో పరికరం అమర్చి ఈ నరానికి కరెంటిచ్చే చికిత్సకు అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది. అది పెద్ద డాక్టర్ల వ్యవహారం. మనకు మిగిలింది ఈ నరాన్ని తట్టిలేపుతాయని మేనల్లుడు చెప్పిన పుక్కిలింతలు, మొహాన చన్నీళ్లు, గొంతులో మూలుగు.

ఆ మూలుగే నా కొంప ముంచింది. అబ్బాయి నివాస ధ్రువపత్రం కోసం ఒక ఆఫీసుకు నాలుగోసారి వెళ్లాను. తెలుగులో రాసిన అర్జీని గుమస్తాగారు తిప్పి, వెనకవైపు కూడా చూసి, "ఒడియాలో రాసుకురండి" అన్నారు. కడుపులో దేవింది. వెంటనే కళ్లు మూసుకుని "మ్‌మ్‌మ్‌" అన్నాను. వెనకనున్న ముసలమ్మ "ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోద్ది బాబూ, జరగండి" అంటూ క్యూ మొత్తాన్ని బయటికి నడిపించింది.

గది ఖాళీ అయ్యాక చూస్తే గుమస్తాగారి చెయ్యి పొట్ట మీద ఉంది. "మూడు రోజులుగా గ్యాసండీ. ఎల్లుండి ఆడిట్" అన్నారు. కుర్చీ జరుపుకుని నేర్పాను. ఆయన పొడుగ్గా ఊపిరి వదిలారు. ఇంకోసారి వదిలారు. మొహం తేటపడింది.

"బాగుందండీ," అని నా అర్జీ నాకే ఇస్తూ అన్నారు, "ఇది కూడా ఒడియాలో రాసుకురండి."