ఇండియన్ అన్నది బండి పేరు, బావా

ఈ నెలలో ఈ వాట్సాప్ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. టెన్త్ బ్యాచ్ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, చివరికి మా బావ కూడా. "1967లో ప్రపంచంలోకెల్లా వేగంగా బైక్ నడిపిన మొనగాడు మన ఇండియనే! పేరు బర్ట్ మన్రో. ఆయనకు 68 ఏళ్లు, బండికి 47. గంటకు 184 మైళ్లు! మెకానిక్ పని నేర్చుకోలేదు, హెల్మెట్ లేదు, భయం లేదు. చలానా రాసేవాళ్లకు ఇది చూపించండి. నిజమైన ఇండియన్ అయితే పదిమందికి పంపండి."

పంపను.

మన్రోది న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్. ఆయన నడిపింది అమెరికాలో తయారైన 1920 నాటి 'ఇండియన్ స్కౌట్'. ఈ లెక్కన బుల్లెట్ నడిపేవాళ్లంతా తుపాకీలోంచి ఊడిపడ్డారనుకోవాలి.

ప్రపంచంలోకెల్లా వేగం అన్నదీ తప్పే. అంతకు ముందు ఏడాదే, మన్రో బండి నడిపిన అమెరికాలోని బోనెవిల్ ఉప్పు మైదానంలోనే బాబ్ లెప్పన్ అనే అమెరికన్ రేసర్ గంటకు 245 మైళ్లు దాటాడు. మన్రోది 1000 సీసీ లోపు తరగతి రికార్డు.

ఇక మెకానిక్ పని రాదట! మోటార్‌సైకిళ్లు అమ్ముకుంటూ, రిపేర్లు చేసుకుంటూ బతికిన మనిషి ఆయన. కొన్నప్పుడు గంటకు 55 మైళ్లు పోయే బండి అది. పిస్టన్లు సొంతంగా పోత పోసుకున్నాడు. పాత ట్రాక్టర్ యాక్సిల్‌ను చెక్కి కనెక్టింగ్ రాడ్లు చేసుకున్నాడు. పాడైన భాగాలను అరలో పేర్చి 'వేగదేవుడికి నైవేద్యాలు' అని రాసి పెట్టుకున్నాడు. అలా నలభై ఏళ్లకు పైగా. ఇది పని రాకపోవడమైతే, వచ్చినవాళ్లను నాకూ చూపించండి.

అసలు మంట హెల్మెట్ దగ్గర. బోనెవిల్‌లో ఆయన హెల్మెట్ పెట్టుకునే నడిపాడు, ఫొటోలున్నాయి. ఆ 1967లోనే ఒక పరుగులో బండి ఊగిపోయింది. వేగం తగ్గిద్దామని లేచి కూర్చుంటే గాలి కళ్లద్దాలను లాక్కుపోయింది. కళ్లు కనిపించలేదు. ఇనుప గుంజను అంగుళాల తేడాతో తప్పించుకుని, బండిని పడేసి, గీతలతో బయటపడ్డాడు. చుట్టూ మైళ్ల కొద్దీ ఉప్పు తప్ప ఏమీ లేదు కాబట్టి సరిపోయింది. మన రోడ్డు మీదైతే డివైడర్ ఉంటుంది, లైట్లు లేని లారీ ఉంటుంది, రాంగ్ రూట్లో పాలబండి వస్తుంది, ఏమీ లేకపోతే గేదె ఉంటుంది. మొన్ననే లైసెన్సు వచ్చిన మా మేనల్లుడు ఈ మెసేజ్‌కి మూడు నిప్పు గుర్తులు పెట్టాడు. హెల్మెట్ లేదన్న ముక్క కలిపిన మహానుభావుడెవరో, వాడికి ఫోన్ చేసి నచ్చజెప్పే పని కూడా ఆయనే చూసుకుంటే బాగుంటుంది.

ఒక్క విషయంలో మాత్రం నేనే తప్పు. 184 అనగానే "183.59 రా నాయనా" అని గ్రూపులో వెక్కిరించాను. తీరా చూస్తే, రెండువైపుల పరుగులకు సగటు కట్టడంలో అప్పట్లో పొరపాటు జరిగిందట. మన్రో కొడుకు పట్టుకుంటే, 2014లో అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ దాన్ని 184.087గా సరిదిద్దింది.

బావకు సారీ చెప్పాను. ఆ అంకె ఉంచి మిగతాది తీసేసి పంపుకోమన్నాను.

"అవి తీసేస్తే ఇంకెవడు చదువుతాడు బావా?" అన్నాడు.