ఈ కోడి మందెప్పుడు మానేసింది?

పోయిన ఆదివారం నల్లగొండలో చికెన్ సెంటర్ ముందు అరగంట నిలబడ్డాను. నా వంతు రాగానే పౌరుడిగా నా బాధ్యత గుర్తొచ్చింది. "అన్నా, ఈ కోడి మందెప్పుడు మానేసింది?" అని అడిగాను.

కత్తి ఆగింది. "మా బామ్మర్దే ఇంక మానలే సార్, కోడేం మానుతది" అన్నాడు వెనకున్నాయన. లైనంతా నవ్వింది. షాపాయన మాత్రం నవ్వలేదు. "గదంత నాకు తెల్వది సార్. స్కిన్‌లెస్సా, విత్ స్కిన్నా?"

అదే మనం మటన్ కొట్టు దగ్గర ఎంత పెద్ద పరిశోధకులం! పొట్టేలా, మేకా, లేతదేనా, తొడ వెయ్యి, కొవ్వు తియ్యి, బొక్కలెక్కువైనయ్ అని యాట జాతకమంతా అడుగుతాం. నీళ్ల విషయంలో అయితే మనకు చెప్పేవాళ్లే లేరు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి శాస్త్రవేత్తలు మన ఊరి పేరుతోనే 'నల్లగొండ టెక్నిక్' అని పెట్టారు. అంత చరిత్ర ఉన్నవాళ్లం ఇరవై లీటర్ల క్యాన్‌ను ఎండకు పట్టి చూసి కొంటాం. ఆ నీళ్లలో ఉడికే కోడి ఏ నీళ్లు తాగి పెరిగిందో మాత్రం అడగం.

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో వైద్యం అత్యంత సక్రమంగా అందుతున్న జీవి బాయిలర్ కోడి అని నా నిశ్చితాభిప్రాయం. మనకు జ్వరమొస్తే గానీ ఆర్ఎంపీ సూది తీయడు. చాలా షెడ్లలో కోడికి జ్వరం రాకముందే నీళ్లలో యాంటీబయాటిక్, అంటే క్రిములను చంపే మందు, కలిసిపోతుంది. ఐదు వేల కోళ్లలో పది తూలితే ఐదు వేలూ తాగాల్సిందే. ఇంత సమానత్వం మన పెద్దాసుపత్రిలో కూడా చూడలేదు.

రైతును అనడానికి నోరు రాదు. కోడిపిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులూ కంపెనీవే. షెడ్డు, కరెంటు, రెక్కల కష్టం రైతువి. కూలి కిలోల లెక్కన వస్తుంది, చచ్చిన కోడికి రాదు. అలాంటప్పుడు మందు డబ్బా పక్కనే ఉంటే చెయ్యి ఊరుకుంటుందా?

జనం మాత్రం భయపడాల్సిన దానికి కాక వేరేదానికి భయపడతారు. "బాయిలర్ కోళ్లకు హార్మోన్ సూదులేస్తరంట" అంటారు. ఐదు వేల కోళ్లను ఒక్కొక్కటే పట్టి పొడిచే తీరిక ఎవరికుంది? నలభై రోజుల్లో రెండు కిలోలు దాటడం జాతి ఎంపిక, దాణా చేసే పని. అసలు సంగతి నీళ్ల తొట్టిలో ఉంది. ఎన్రోఫ్లోక్సాసిన్ అని పశువులకు, కోళ్లకు వాడే యాంటీబయాటిక్ ఒకటి. ఒంట్లోకి వెళ్లాక అందులో కొంత సిప్రోఫ్లోక్సాసిన్‌గా మారుతుంది. అదేనండీ, విరేచనాలైతే మన మెడికల్ షాపాయన చీటీ అడక్కుండా ఇచ్చే సిప్రో. ఈ ఎన్రోను కోళ్లకు వాడొద్దని అమెరికా 2005లోనే ఆపేసింది. కోడి, నేను ఒకే డాక్టరు దగ్గరికి పోతున్నామని నాకు ఆలస్యంగా తెలిసింది.

"నేను నాటుకోడే తింటా" అని మీసం తిప్పేవారున్నారు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ అనే మంచి జాతులున్నాయి. ఈకల్లో నాలుగు రంగులుంటే చాలు, సంతలో అదే నాటుకోడి, రేటు రెట్టింపు. పెరట్లో తిరిగే పది కోళ్ల సంగతి వేరు. వెయ్యింటిని షెడ్డులో కుక్కితే వాటి తొట్టిలోకీ అదే డబ్బా వస్తుంది. గొర్రె కూడా మందు ముట్టనిదేం కాదు, కాకపోతే దానికి తాగించేది నట్టల మందు, అది పురుగులకు.

ప్రభుత్వం ఊరికే లేదు. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన యాంటీబయాటిక్ కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు, చేపలకు వాడొద్దని 2019 జూలైలో కేంద్రం నిషేధించింది. ప్రతి మందుకీ కోతకు ముందు ఇన్ని రోజులు ఆపాలని గడువుంది. అయితే మార్కెట్ రేటు లేచిన రోజున గడువు చూసుకునేదెవరు, కోడా? 2014లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు ఢిల్లీ చుట్టుపక్కల 70 చికెన్ శాంపిళ్లు పరీక్షిస్తే నూటికి నలభైలో మందు అవశేషాలు దొరికాయి.

"మంచిగ ఉడకబెడితే అన్నీ పోతయ్" అంది మా ఆవిడ. సగం నిజం. బాగా ఉడికిస్తే క్రిములు చస్తాయి. మందు అవశేషం అంత తేలిగ్గా పోదు. పైగా ఇలా అదేపనిగా మందు తాగిస్తే పుట్టుకొచ్చే, మందుకు లొంగని మొండి క్రిమి కుండ దాకా రావాలని లేదు. పచ్చి చికెన్‌ను నల్లా కింద కడిగితే సింకులో చిందుతుంది, అదే కత్తితో ఉల్లిగడ్డ కోస్తే కచుంబర్‌లో చేరుతుంది. షెడ్డులోని కోళ్ల పెంట బత్తాయి తోటలకు ఎరువుగా పోతే అక్కడికీ పోతుంది. ఆ లెక్కన శాకాహారులూ మా బంధువులే.

ప్యాకెట్ మీద 'యాంటీబయాటిక్ ఫ్రీ' అని ఉంటే పుట్టినప్పటి నుంచి ఇవ్వలేదనా, కోసే నాటికి ఒంట్లో మిగల్లేదనా? రెండూ ఒకటి కావు. ఆ మాట లైన్లో నా వెనకున్నాయన బామ్మర్దికి బాగా తెలుసు.

నిజానికి కోడిని అడిగే హక్కు నాకు లేదు. కొన్ని యాంటీబయాటిక్స్ అమ్మితే డాక్టరు పేరు, పేషెంటు పేరు రాసి మూడేళ్లు దాచాలని 2014 నుంచి రూలుంది. మొన్న నా గొంతు నొప్పికి గోళీలిచ్చిన షాపులో నా పేరు కాదు కదా, చిల్లర కూడా సరిగ్గా లెక్కపెట్టలేదు. ఐదు రోజులు వాడమన్నారు. రెండో రోజే గొంతు బాగైంది, మానేశాను. కోడి మానాల్సినప్పుడు మానదు, నేను మానకూడనప్పుడు మానేస్తాను. మిగిలిన గోళీలు ఫ్రిజ్ మీది డబ్బాలో భద్రంగా ఉన్నాయి.

ఈ ఆదివారం మళ్లీ వెళ్లాను. షాపు ముందు కొత్త బోర్డు: 'మా కోళ్లు మందు ముట్టవు.' కిలోకు ఇరవై రూపాయలు ఎక్కువ. ప్రశ్న నాదే కాబట్టి నోరు మూసుకుని కిలో తీసుకున్నాను. షాపాయన గొంతు బొంగురుపోయింది. "నాలుగు దినాలసంది ఇదే లొల్లి సార్, గుటక దిగుతలేదు."

"మా ఇంట్ల మంచి గోళీలు ఆరు మిగిలినయ్, తెచ్చిస్తా తియ్" అన్నాను.

తూకం అయిపోయాక కూడా రెండు లివర్లు, ఒక కందనకాయ పైన వేశాడు.