స్వీడన్ వంటింట్లో పుట్టి కేప్‌టౌన్‌లో ఎదిగిన నాటకం

అనువాదం మూలానికి ఎంత విధేయంగా ఉందన్న చర్చ మొదలైతే నాకు ఆవులింతలు వస్తాయి. స్వీడన్ నాటకకర్త ఆగస్ట్ స్ట్రిండ్‌బర్గ్ ఏకాంకిక 'మిస్ జూలీ' విషయంలో ఆ చర్చ మరీ దండగ. 1888లో స్వీడిష్‌లో రాసిన ఈ నాటకానికి తగిన వేదిక ఏదంటే నేను స్టాక్‌హోమ్ పేరు చెప్పను, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ అంటాను. దక్షిణాఫ్రికా రచయిత్రి, దర్శకురాలు యేల్ ఫార్బర్ 2012లో, అక్కడ డచ్చి నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్ భాషా శీర్షికతో 'మీస్ జూలీ'గా తిరగరాశాక నా పట్టుదల ఇంకా పెరిగింది.

కథ తెలిసిందే. నడివేసవి పండుగ రాత్రి, ప్రభువు గారింటి వంటగది, ఆయన కూతురు, ఆయన నౌకరు. తెల్లవారేసరికి ఆమె చేతిలో మంగలికత్తి. పుట్టిన నాటి నుంచీ ఈ నాటకానికి గండాలే. కోపెన్‌హేగన్‌లో సెన్సారు అడ్డుపడితే 1889 మార్చిలో విద్యార్థి సంఘం ఆవరణలో ప్రైవేటుగా ఆడుకోవలసి వచ్చింది. జూలీ వేషం కట్టింది రచయిత భార్య సిరి. స్వదేశంలో వేదిక దొరికేసరికి కొత్త శతాబ్దం వచ్చేసింది.

వీటన్నిటి కంటే నన్ను పట్టి ఆపేది ఇందులో విరామం లేకపోవడం. ప్రసంగాన్నీ చర్చి ఉపదేశాన్నీ గంటన్నరసేపు కదలకుండా వినేవాళ్లు నాటకాన్ని ఎందుకు చూడలేరని స్ట్రిండ్‌బర్గ్ ముందుమాటలో అడుగుతాడు. తెరపడి దీపాలు వెలిగితే ప్రేక్షకుడు రచయిత పట్టు నుంచి జారిపోతాడని ఆయన భయం. మంచి ఎత్తుగడే. కానీ దాని అసలు పదును తెలియాలంటే 1985లో కేప్‌టౌన్‌లోని బాక్స్‌టర్ థియేటర్‌లో కూర్చోవాలి.

బాబీ హీనీ దర్శకత్వం. నౌకరుగా నల్లజాతి నటుడు జాన్ కాని. జూలీగా సాండ్రా ప్రిన్స్‌లూ. 'ది గాడ్స్ మస్ట్ బి క్రేజీ'లో టీచరుగా మనవాళ్లూ చూసిన నటి ఆమె. ఆఫ్రికాన్స్ మాట్లాడే తెల్లవాళ్లకు, అంటే ఆఫ్రికానర్లకు, సొంతింటి తార. స్ట్రిండ్‌బర్గ్ ఆ ఇద్దరి కలయికను తెర వెనక్కి పంపి, వేదిక మీద పల్లెజనం చేత ఆటపాటలు ఆడించాడు. కేప్‌టౌన్‌లో మాత్రం అందరి ఎదుటా ఒక ముద్దు. తెల్లవాళ్లు కొందరు లేచి వెళ్లిపోయారు. విరామం ఉంటే కాఫీ వంకతో చల్లగా జారుకోవచ్చు. విరామం లేని నాటకంలో లేచినవాడు పదిమంది మోకాళ్లు దాటుకుంటూ, తానెవరో అందరికీ చూపించుకుంటూ పోవాలి. నూరేళ్ల క్రితం ఒక నిర్మాణ సూత్రంగా రాసుకున్న మాట జాతి వివక్ష దేశంలో ప్రేక్షకులను బోనెక్కించింది. జాతుల మధ్య లైంగిక సంబంధాన్ని నేరం చేసిన నిబంధనను ప్రభుత్వం రద్దు చేసింది కూడా ఆ ఏడాదే.

స్ట్రిండ్‌బర్గ్ రాసింది వర్గం గురించి, స్త్రీ పురుషుల పోరు గురించి, దానికి జాతి రంగు పులమడమేమిటని కొందరి అభ్యంతరం. కేవలం రంగే పులిమి ఉంటే నేనూ వాళ్ల పక్షమే.

ఫార్బర్ ఆ పని చేయలేదు. ఆమె వంటిల్లు దక్షిణాఫ్రికాలోని కరూ అనే మెట్ట మైదానంలో ఒక బోయర్, అంటే ఆఫ్రికానర్, రైతుది. రాత్రి 2012 నాటి స్వాతంత్ర్య దినానిది. నేల కింద నౌకరు జాన్ పూర్వీకుల సమాధులు. వాటి మీది చెట్టును కొట్టేసి ఇల్లు కట్టినా వేళ్లు గచ్చును చీల్చుకుని పైకి వస్తుంటాయి. స్ట్రిండ్‌బర్గ్ దగ్గర నౌకరుకు కాబోయే భార్య అయిన వంటమనిషి ఇక్కడ అతని తల్లి క్రిస్టీన్; జూలీని పెంచిందీ ఆవిడే. ఈ ఒక్క మార్పుతో నాటకం బరువంతా మారిపోతుంది. పడక గొడవగా మొదలైనది భూమి ఎవరిదన్న తగాదాగా తేలుతుంది. ఉపశీర్షికలో ఫార్బర్ 1913 భూ చట్టాన్నీ 1927 అనైతికత చట్టాన్నీ నంబర్లతో సహా పక్కపక్కన పెట్టింది. నల్లవాళ్లకు దేశపు నేలలో సుమారు 7 శాతం మిగిల్చింది మొదటిది. పెళ్లికాని నలుపు తెలుపుల కలయికను నేరం చేసింది రెండోది. నేలకు కంచె వేసినవాళ్లే ఒంటికీ వేశారన్నది ఆమె ఆరోపణ. అందులో నాకు అతిశయోక్తి కనబడలేదు.

ఇక అసలు నాకు మోజున్న విషయం. ఆఫ్రికాన్స్‌ను ఒకప్పుడు వంటింటి భాష అని వెక్కిరించేవారు. ఆ వెక్కిరింతలో నిజముంది. బానిసలూ, అక్కడి మూలవాసులైన ఖోయిఖోయి పనివాళ్లూ, యజమానుల పిల్లలూ కలిసి మెలిగిన కేప్ వంటగదుల్లో డచ్చి భాష విరిగి కొత్త రూపం కట్టింది. తొలి ఆఫ్రికాన్స్ రాతల్లో కొన్ని కేప్ ముస్లింలు అరబిక్ లిపిలో రాసుకున్నవి. డచ్ ఈస్టిండియా కంపెనీ అక్కడికి తరలించిన బానిసల్లో బెంగాల్, మలబార్ వాళ్లతో పాటు మన కోరమాండల్ తీరం వాళ్లూ ఉన్నారు. 1925లో అధికార భాష అయ్యాక తెల్ల జాతీయవాదులు దాన్ని తమ సొంత ఆస్తిగా రాయించుకున్నారు. 1976లో జొహానెస్‌బర్గ్ పక్కనున్న నల్లవాళ్ల పేట సోవెటోలో బడిపిల్లలు తిరగబడింది ఆ పెత్తనం మీదే. నేటికీ ఆఫ్రికాన్స్ మాతృభాషగా ఉన్నవారిలో తెల్లవాళ్లు సగం కంటే తక్కువ.

అలాంటి భాషకు ఈ నాటకం వంటింటి దారిలోనే వచ్చింది. మూల రచయితకు తెలియని చరిత్ర దానికి అక్కడ తోడైంది. కాబట్టి 'మిస్ జూలీ' ప్రదర్శనల చరిత్ర రాసేవాళ్లు కోపెన్‌హేగన్, పారిస్, స్టాక్‌హోమ్‌లకు అధ్యాయాలు ఇచ్చి, కేప్‌టౌన్‌ను 'ఇతర దేశాల్లో' అనే ఆఖరి పేరాలోకి నెట్టడం ఇకనైనా మానుకోవాలి.