కొండ పిల్లలకు మైదానపు పాఠాలు

1990ల తొలినాళ్ల దాకా లద్దాఖ్ పిల్లలు ఇంట్లో లద్దాఖీ మాట్లాడేవారు, బడిలో ఉర్దూలో చదివేవారు, తొమ్మిదో తరగతికి రాగానే ఇంగ్లిష్ మీడియంలో పడేవారు. పదో తరగతిలో దాదాపు 95 శాతం మంది తప్పేవారు. ఆ పిల్లలకు చదువు అబ్బదనే ముద్ర కూడా పడింది. లద్దాఖ్‌లో చదువును బాగుచేయాలని 1988లో పుట్టిన సెక్మోల్ సంస్థ తప్పు బడిదే అంది. 1994లో ప్రభుత్వంతో, గ్రామ కమిటీలతో కలిసి ‘ఆపరేషన్ న్యూ హోప్’ మొదలుపెట్టింది. టీచర్లకు శిక్షణ ఇచ్చారు, స్థానిక జీవితానికి దగ్గరగా పుస్తకాలు రాశారు. తర్వాతి ఏళ్లలో ఫలితాలు బాగా మెరుగయ్యాయి.

అయితే, స్థానిక జ్ఞానం అనగానే మనకు పాటలు, నృత్యాలే గుర్తొస్తాయి. స్కూల్ డే నాడు స్టేజీ ఎక్కించి, మర్నాటి నుంచి మామూలే. నా దృష్టిలో దాని అసలు చోటు సైన్స్ పీరియడ్.

పెరూ, బొలీవియా ఆండీస్ కొండల్లో రైతులు జూన్ నెలాఖరులో తెల్లవారకముందే లేచి కృత్తిక నక్షత్రాలను చూస్తారు. అవి మసకగా ఉంటే వానలు ఆలస్యమవుతాయని బంగాళాదుంప నాట్లు వెనక్కి జరుపుతారు. ఇందులోని కారణాన్ని 2000లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన వివరించింది. పసిఫిక్ సముద్రపు నీళ్లు మామూలుకంటే వేడెక్కే ఎల్‌నినో ఏడాదుల్లో చాలా ఎత్తున, కంటికి ఆననంత పల్చటి మబ్బులు పెరుగుతాయి. నక్షత్రాలు మసకబారేది వాటివల్లే. ఆ ఏడాదుల్లోనే అక్కడ వానలూ తగ్గుతాయి. ఖగోళం, వాతావరణం, సేద్యం, గణితం అన్నీ ఇందులో ఉన్నాయి. పిల్లలు ఏటా చూసింది రాసుకుని వాన లెక్కలతో పోల్చాలి. అంచనా ఎన్నిసార్లు తప్పిందో కూడా లెక్కగట్టాలి. పెద్దల మాటను పరీక్షించడం వాళ్లను అవమానించడం కాదు.

తల్లిదండ్రుల టెన్షన్ వేరు. ఈ చదువుతో ఉద్యోగం వస్తుందా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బోర్డు పరీక్షలో మార్కులు లేని పాఠాన్ని ఏ తల్లీ నమ్మదు. కాబట్టి మార్పు ప్రశ్నపత్రం దాకా వెళ్లాలి.

ఇంకో చిక్కు, ఈ జ్ఞానం అదను దాటితే నేర్చుకోలేం. విత్తే రోజుల్లో పిల్లవాడు దూరపు హాస్టల్లో ఉంటే ఆ ఏటి పాఠం పోయినట్టే. స్కూలు క్యాలెండర్ కొండ రుతువులను బట్టి ఉండాలి. లద్దాఖ్ ఊళ్లలో పొలాలకు నీటి వంతులు చూసే చుర్‌పోన్ ఉంటాడు. నీళ్లు వదిలే రోజుల్లో పిల్లలు అతని వెంట కాలువ గట్టున ఉండాలి, బోధించినందుకు అతనికి విద్యాశాఖ జీతం ఇవ్వాలి.