తోడుకోని తొట్టి

కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలోకి అక్వేరియం ఎప్పుడూ ఆదివారమే వస్తుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. లెక్కకు 56 లీటర్ల పైచిలుకు. గులకరాళ్లు పోసి, పైన కాస్త వెలితి వదిలితే 45. వాస్తు ప్రకారం ఈశాన్యం మూలకే పెట్టాలి. ఆ మూలన తూర్పు కిటికీ ఉంటుంది, పొద్దుటెండ నేరుగా అద్దం మీద పడుతుంది, నెల తిరక్కుండా అద్దమంతా పచ్చటి పాచి. కానీ ఆదివారం నాడు పాచి ఎవరికి కనిపిస్తుంది?

దుకాణంలో ఇంటాయన అడిగేది ఒకటే: "చేపల్ని ఇవాళే వేసుకోవచ్చా?"

"ఏం గాదు సార్, యాంటీ క్లోరిన్ నాలుగు చుక్కలు ఏసి ఇడిసిపెట్టుండ్రి."

యాంటీ క్లోరిన్ మాట నిజమే, మంజీరా కుళాయి నీళ్లలోని క్లోరిన్‌ను అది విరిచేస్తుంది. దాంతో పని అయిపోయిందనుకోవడమే తప్పు. చేప మొప్పల్లోంచి అమ్మోనియా అనే విషం వస్తూనే ఉంటుంది. దాన్ని నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా ఒకటి, ఆ నైట్రైట్‌ను అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మార్చేది ఇంకొకటి ఫిల్టర్ స్పాంజిలో కాపురం పెట్టాలి. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రోజే చేపల్ని వదలడమంటే, పాలు పొయ్యి మీద ఉండగానే పెరుగన్నానికి విస్తరి వేయడం. పైగా అపార్ట్‌మెంటు ట్యాంకులో కలిసేది బోరు నీళ్లు. వాటి క్షారగుణానికి పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషపు వంతు దాదాపు పదింతలవుతుంది.

ఇక కవర్లో వచ్చిన బంధువర్గం: గోల్డ్‌ఫిష్ నాలుగు, నియాన్ టెట్రాలు ఆరు, ఏంజెల్స్ రెండు, పాచి తింటుందని ఒక సక్కర్. గోల్డ్‌ఫిష్‌కు చల్లటి నీళ్లు, నియాన్‌కు వెచ్చటి నీళ్లు కావాలి. ఏంజెల్ పెద్దదైతే నియాన్ దానికి ఉపాహారం. సక్కర్ అడుగు దాటి పెరుగుతుంది. అడుగు వెడల్పు తొట్టిలో అది వెనక్కి తిరగాలంటే రివర్సు గేరు ఉండాలి.

మూడో రోజు నీళ్లు పల్చటి మజ్జిగలా తెల్లబడ్డాయి. అది వేరే బ్యాక్టీరియా పొంగు, వదిలేస్తే వారంలో దానంతటదే తేరుకుంటుంది. వదిలేసే మనుషులెవరు? నీళ్లన్నీ పారబోశారు, స్పాంజిని సబ్బు పెట్టి కుళాయి కింద పిండారు, మళ్లీ నింపారు. అయిదో రోజుకు చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. మొప్పలు కాలి ఊపిరాడకపోతే అలాగే చేస్తాయి. "పాపం, ఆకలి" అని అత్తగారు మేరీ బిస్కెట్టు చిదిమి వేశారు. అది కుళ్లి ఇంకాస్త అమ్మోనియా అయింది.

తెల్లారేసరికి ఆరు నియాన్‌లూ వెల్లకిలా తేలాయి.

"పోనీలెండి అల్లుడుగారూ, మన దిష్టి అవి పట్టుకుపోయాయి."

ఈఎంఐ మీద నడిచే డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకు ఆరు చేపలు మోయాల్సినంత దిష్టి ఎవరు పెట్టారో! వారం లోపల మిగతావీ మోసుకుపోయాయి.

రెండోసారి తొట్టిని పద్ధతిగా మొదలుపెట్టారు. చేపలు లేకుండా అమ్మోనియా ఎక్కణ్నుంచి తేవాలి? రాంనగర్ మార్కెట్ నుంచి.

"ఒక్క రొయ్యా? ఎన్ని కిలోలు సార్?"

"ఒక్కటే."

ఆ ఒక్క రొయ్యను పాత సాక్సులో ముడేసి నీళ్లలో వేలాడదీస్తే నాలుగైదు రోజుల్లో కుళ్లడం మొదలవుతుంది. అమ్మోనియా 2 పీపీఎం, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు, చేరగానే తీసేయాలి. కానీ అది కార్తీక మాసం.

"శివ శివా, ఇంట్లోకి రొయ్యా?"

"తినడానిక్కాదు అత్తయ్యగారూ, కుళ్లబెట్టడానికి."

ఈ జవాబుతో ఆవిడకు ఊరట కలిగిందని చెప్పలేం. వాసన హాలు దాటాక రొయ్య వెళ్లిపోయింది, ఆ తర్వాత రోజూ చిటికెడు చేపల మేత వేశారు. నిజానికి పాత తొట్టి ఉన్నవాళ్ల దగ్గర వాడుతున్న స్పాంజి ముక్క అడిగి తెచ్చుకుంటే అదే తోడు. ఆరు వారాల పని రెండింటికి దిగుతుంది, రొయ్య గొడవా ఉండదు.

వచ్చినవాళ్లు ఖాళీ తొట్టిలో బుడగలు చూసి "నీళ్లు పెంచుతున్నారా?" అన్నారు. వాళ్లకు తెలియని వినోదం టెస్ట్ కిట్‌లో ఉంది. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల తొట్టినీళ్లు, చెప్పినన్ని చుక్కలు, కాసేపు ఆగడం. రంగు పసుపైతే అమ్మోనియా లేదు, ఆకుపచ్చకు తిరిగితే ఉంది. ట్యూబ్‌లైటు కింద అన్నీ పచ్చగానే ఉంటాయి, అందుకే తెల్లకాగితం వెనకపెట్టి బాల్కనీలో చూడాలి. పసుపా, లేత పచ్చా అని ఇంట్లో ఓటింగు కూడా జరిగింది. మూడో వారం అమ్మోనియా దిగింది, నైట్రైట్ ఎక్కింది. చాలామంది అక్కడే తొందరపడి చేపల్ని తెస్తారు, నైట్రైటూ చంపుతుంది. రోజూ మేత పడుతున్నా వారం పాటు రెండూ సున్నా చూపించి, నైట్రేట్ ఒక్కటే పెరుగుతుంటే అప్పుడు తోడుకున్నట్టు.

సగం నీళ్లు మార్చి, డిసెంబరు చలికి 50 వాట్ల హీటరు పెట్టి, నాలుగు మగ గప్పీలను తెచ్చారు. బోరు నీళ్లు వీటికి పడతాయి. ఆడవి ఒక్కటి కలిసినా నెలకో పురుడు పోయాలి. కవరును పావుగంట నీళ్లమీద తేల్చి, అయిదు నిమిషాలకోసారి గ్లాసుడు తొట్టినీళ్లు అందులో పోసి, చివరికి వలతో చేపల్ని మాత్రం లోపలికి వదిలారు. ఒక్కటీ చావలేదు. స్పాంజి మాత్రం గోధుమరంగుకు తిరిగి, వేలు పెడితే జిగటగా తగిలేది. ఆ జిగటలోనే ఉంది సంసారమంతా. మురికి పట్టినా కుళాయి కింద కాదు, తొట్టిలోంచి తీసిన బకెట్టు నీళ్లలోనే రెండుసార్లు పిండాలి.

ఇంతలో సంక్రాంతి బూజులు దులపడాలు వచ్చాయి. ఇంటాయన ఆఫీసు నుంచి వచ్చేసరికి బాల్కనీలో దండెం మీద, రెండు క్లిప్పుల మధ్య, స్పాంజి మల్లెపువ్వులా ఆరుతోంది.

"ఎంత జిడ్డు పట్టిందో అల్లుడుగారూ, సర్ఫులో నానబెడితే గానీ వదల్లేదు. ఆ గులకరాళ్లు రేపు తోముతాలెండి."