ఏ శ్రీకాకుళం, బావగారూ?

మా ఊరికి పేరు గొడవ కొత్తేం కాదు. ఇంగ్లీషువాళ్ళు చికాకోల్ అని రాసుకున్నారు, రైల్వేవాళ్ళు శ్రీకాకుళం రోడ్ అని బోర్డు పెట్టి ఆ స్టేషన్ని ఆమదాలవలసలో ఉంచారు, అన్నిటికీ సర్దుకుపోయాం. అయితే కృష్ణా జిల్లాలో ఇదే పేరుతో ఇంకో ఊరుందన్న సంగతి, సంక్రాంతికి మా పిన్ని కొత్తల్లుడు హైదరాబాద్ నుంచి దిగేవరకూ మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఊరు ఘంటసాల మండలంలో ఉంది. శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు గుడి అక్కడే. కళింగ దండయాత్రకి వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు అక్కడ ఆగితే స్వామి కలలోకి వచ్చి ఆముక్తమాల్యద రాయమన్నాడని చెబుతారు. బావగారు తెలుగు వికీపీడియాలో చదివింది ఆ ఊరి గురించి, దిగింది మా ఊళ్ళో.

"అరసవల్లి అందరూ చూస్తారు, నాకు ఆంధ్ర మహావిష్ణువు దర్శనం కావాలి" అన్నారు పొద్దున్నే. కొత్తల్లుడి మాటకి అడ్డు చెప్పిన పాపం మా ఇంటావంటా లేదు కాబట్టి పిన్ని నన్ను తోడిచ్చి ఆటో ఎక్కించింది. గుడి నది ఒడ్డున ఉంటుందని ముందు నదికి పోనిమ్మన్నారు. నది చూశారు, ఫోన్ చూశారు, మళ్ళీ నది చూశారు.

"కృష్ణ ఇంత సన్నగా ఉందేంటి?"

"ఇది నాగావళండి బావూ" అన్నాడు ఆటో అతను. "కావాలంటే వంశధార సూపిస్తాను. కృష్ణ మా రూట్లో లేదు."

విష్ణుమూర్తే కదా కావలసింది అని అతనే తేల్చేసి శ్రీకూర్మం తీసుకుపోయాడు. న్యాయంగా చూస్తే తప్పేం లేదు, అక్కడున్నదీ విష్ణువే, కాకపోతే కూర్మావతారంలో. దర్శనం బాగా అయింది. గుడి ఆవరణలో పెంచుతున్న తాబేళ్ళని చూసి బావగారు మాత్రం గంభీరంగా తలాడించి, "వ్యాసంలో వీటి ప్రస్తావనే లేదు, అసంపూర్ణంగా ఉంది, ఇప్పుడే చేరుస్తాను" అని ఫోన్ తీశారు.

అప్పుడిక నోరు విప్పక తప్పలేదు. మర్యాద మా ఇంటివరకే, ఘంటసాల మండలంలో గుడిలోకి తాబేళ్ళు వదిలితే ఆ ఊరివాళ్ళు ఊరుకుంటారా! ఒకే పేరున్న ఊళ్ళకి వికీలో పేరు పక్కన బ్రాకెట్లో మండలం రాస్తారని, వ్యాసం నెత్తిన వాలు అక్షరాల్లో ఫలానాది కావాలంటే ఇటు పొండి అని ఒక లైను ఉంటుందని, అన్నిటినీ ఒక్కచోట వరసపెట్టి చూపించే అయోమయ నివృత్తి పేజీ కూడా ఉంటుందని చెప్పాను. ఆ లైనుని ఎవరూ చదవరు, శుభలేఖ వెనకవైపు చదవనట్టే. జిల్లా పేరు రాస్తే సరిపోతుంది కదా అన్నారు. సరిపోదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం మా శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళిపోయాయి, ఊళ్ళు మాత్రం అంగుళం కదల్లేదు. మండలమే నయం అని నా అభిప్రాయం.

"అర్థమైంది, ఇక చూసుకుంటాను" అన్నారు. నాకు అక్కడే టెన్షన్ మొదలైంది.

రాత్రి భోజనాలయ్యాక ఆ మండలం సంగతి చూద్దామని ఘంటసాల అని కొట్టారట, పాటల ఘంటసాల వచ్చారు. ఆయన సంగీతం నేర్చుకున్నది విజయనగరం సంగీత కళాశాలలో అని ఉంది. బాగుంది, పక్క జిల్లాయే కదా అని విజయనగరం నొక్కారు. 1713లో మొదలుపెట్టిన మన కోట తగలాల్సిన చోట 1336 నాటి సామ్రాజ్యం తగిలింది. అందులో మళ్ళీ రాయలవారు, ఆయన పేజీలో మళ్ళీ శ్రీకాకుళం! బావగారి ఆనందానికి హద్దుల్లేవు.

"అత్తయ్యగారూ, రేపు విజయనగరం వెళ్తున్నాం. ఆ రాతిరథం చూడాలి."

పిన్ని అరిసెల పళ్ళెం ముందుకు జరిపింది. "రథం అంటే నాకు తెలీదు గానీ బాబూ, పైడితల్లమ్మవారి సిరిమాను ఉంటుంది. అదీ దసరా వెళ్ళిన మంగళవారం. అప్పటిదాకా ఉంటారా మరి?"