మోడెమ్ పలకకపోతే తప్పు వర్చువల్ మెషీన్‌ది కాదు

హోస్టు కంప్యూటర్‌లో, అంటే అసలు యంత్రంలో, చక్కగా డయల్ చేసే బయటి మోడెమ్‌ను ఆ యంత్రం లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌కు, అంటే వర్చువల్ మెషీన్‌కు, అప్పగించగానే మూగబోతుంది. గెస్టు, అంటే ఆ వర్చువల్ మెషీన్, దాన్ని గుర్తించదు, గుర్తించినా కాసేపటికే లైను తెగిపోతుంది. దీనికి అలవాటుగా వినిపించే సలహా వర్చువల్ మెషీన్‌ను నడిపే సాఫ్ట్‌వేరైన హైపర్‌వైజర్‌ను మార్చమనో, కొత్త వెర్షన్ వేసుకోమనో. ఈ సలహా చాలా సందర్భాల్లో రోగం ఒకచోట ఉంటే మందు మరొకచోట రాసినట్టే ఉంటుందని నా అభిప్రాయం. వర్చువల్ మెషీన్ తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఆ పరికరం తన బరువును తాను మోయగలదా, లేక కంప్యూటర్ భుజాన వేసి నడుస్తోందా అన్న సంగతిని మాత్రం అది బయటపెడుతుంది.

మొదటి చిక్కు యాజమాన్యానిది. మోడెమ్‌కు ఒక సమయంలో ఒక్కరే యజమాని ఉండగలరు. 1972లో ఐబీఎం తెచ్చిన వీఎం/370లోనే ఒక నిజమైన పరికరాన్ని ఒక వర్చువల్ మెషీన్‌కు ప్రత్యేకంగా కట్టబెట్టడానికి వేరే ఆదేశం ఉండేదంటే, ఈ సమస్య వర్చువలైజేషన్‌తోపాటే పుట్టిందని అర్థం. నేటి లినక్స్ హోస్టులో మోడెమ్‌మేనేజర్ అనే సేవ కొత్తగా కనిపించిన ప్రతి మోడెమ్‌నూ తన చేతిలోకి తీసుకుని దానికి ఆదేశాలు పంపి పరీక్షిస్తుంది. అదే క్షణంలో గెస్టు కూడా మాట్లాడబోతే ఇద్దరికీ సగం సగం జవాబులే అందుతాయి. ఆ సేవను ఆపడమో, ఈ పరికరాన్ని వదిలెయ్యమని లినక్స్‌లో పరికరాలను చూసుకునే యూడెవ్‌కు నియమం రాయడమో చేసి, వర్చువల్ మెషీన్‌ను నడిపే వాడుకరిని బిట్లను ఒకదాని వెంట ఒకటిగా పంపే సీరియల్ పోర్టుల హక్కున్న డయల్‌అవుట్ గుంపులో చేర్చితే, హైపర్‌వైజర్ మీద వేసిన నిందల్లో చాలా భాగం అక్కడే తొలగిపోతుంది.

రెండో చిక్కు ఇంతకన్నా బాధాకరమైనది, ఎందుకంటే దాన్ని తయారీదారులే తెచ్చిపెట్టారు. మొబైల్ నెట్‌వర్కుకు కలిపే యూఎస్‌బీ మోడెమ్‌లలో చాలా వాటిని కంప్యూటర్‌కు తగిలించగానే అవి మోడెమ్‌గా కాక సీడీ డ్రైవ్‌గా పరిచయం చేసుకుంటాయి. అందులోని డ్రైవర్ ఎక్కాక ఒక ప్రత్యేక సందేశం వెళితే, ఆ సీడీ వేషం విడిచి, కొత్త ఉత్పత్తి సంఖ్యతో మళ్ళీ ప్రత్యక్షమవుతాయి. వర్చువల్‌బాక్స్ అనే హైపర్‌వైజర్‌లో, ఏ పరికరం గెస్టుకు వెళ్ళాలో చెప్పే యూఎస్‌బీ ఫిల్టరును మొదటి సంఖ్య చూసి రాసుకున్నవారికి సరిగ్గా ఆ వేషం మారిన క్షణంలోనే పరికరం గెస్టు చేతి నుంచి జారి హోస్టుకు వెళ్ళిపోతుంది. ఫిల్టరులో తయారీదారు సంఖ్యను మాత్రమే ఉంచి మిగతా గడులు ఖాళీగా వదిలితే పని జరుగుతుంది. అయినా తన పేరు తాను సరిగా చెప్పుకోని పరికరం వల్ల వచ్చిన ఇబ్బందిని వర్చువల్ మెషీన్ ఖాతాలో రాయడం అన్యాయం.

అన్నిటికన్నా ముఖ్యమైనది సమయం. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ వర్చువల్ మెషీన్‌కు ఉండాల్సిన లక్షణాలను నిర్వచిస్తూ, అందులో నడిచే ప్రోగ్రాము అసలు యంత్రం మీద నడిచినట్టే ప్రవర్తించాలన్నారు, కానీ సమయం మీద ఆధారపడిన తేడాలను ఆ నియమం నుంచి మినహాయించారు. ఆ మినహాయింపులోనే మోడెమ్ కథంతా ఉంది. టెలిఫోన్ లైను శబ్దాన్ని విడమర్చే లెక్కలను కంప్యూటర్ ప్రాసెసర్ చేతే చేయించే సాఫ్ట్‌మోడెమ్‌కు ఆ లెక్కలు రవ్వంతైనా ఆలస్యం కాకూడదు. హోస్టు వేరే పనిలో పడి గెస్టును కొన్ని మిల్లీసెకన్లు పక్కన పెడితే చాలు, అవతలి మోడెమ్‌తో పొత్తు చెడిపోతుంది. సొంత సిగ్నల్ ప్రాసెసర్, సొంత కంట్రోలర్ ఉన్న సీరియల్ మోడెమ్‌కు ఆ బాధ లేదు. దానికి కావలసింది బైట్లు వరుస తప్పకుండా చేరడం ఒక్కటే. సీరియల్ పోర్టును నడిపే 16550ఏ చిప్పులోని 16 బైట్ల నిల్వ సెకనుకు 1,15,200 బిట్ల వేగంలో సుమారు 1.4 మిల్లీసెకన్లలో నిండిపోతుంది గనుక, ఆర్‌టీఎస్, సీటీఎస్ తీగల ద్వారా ఆగమనీ పంపమనీ చెప్పుకునే ప్రవాహ నియంత్రణను రెండు వైపులా తప్పక పెట్టుకోవాలి. అది ఉంటే గెస్టు కాసేపు ఆగినా మోడెమ్ కూడా ఓపికగా ఆగుతుంది.

ఇంత శ్రమ ఎందుకు, హోస్టులోనే ఇంటర్నెట్ కలుపుకొని దాన్ని గెస్టుకు పంచితే సరిపోదా అని అడిగేవారున్నారు. కేవలం ఇంటర్నెట్ కోసమే అయితే వారి మాట సబబే, నేనూ అదే చేస్తాను. కానీ ఫ్యాక్స్ పంపే పాత ప్రోగ్రాములకూ, దూరాన ఉన్న మీటర్లకు ఫోను చేసి రీడింగులు తెచ్చుకునే వ్యవస్థలకూ కావలసింది ఇంటర్నెట్ కాదు, మోడెమే.

అలాంటివారు యూఎస్‌బీ పరికరాన్ని మొత్తంగా గెస్టుకు అప్పగించడం మానుకుని, సీరియల్ లైనును మాత్రమే ఇవ్వాలని నేను గట్టిగా చెబుతాను. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే అడాప్టరును హోస్టు డ్రైవరే పట్టుకోనిచ్చి, ఆ పోర్టును గెస్టుకు మామూలు కామ్ పోర్టుగా, అంటే మామూలు సీరియల్ పోర్టుగా, చూపిస్తే, ఆ అడాప్టరుకు డ్రైవరే దొరకని పాత ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తనకు ఏళ్ళుగా తెలిసిన 16550 పోర్టునే చూస్తుంది. ఆ తర్వాత మాటలన్నీ మోడెమ్‌కు ఏం చెయ్యాలో చెప్పే ఏటీ ఆదేశాల్లోనే. 1981లో హేస్ స్మార్ట్‌మోడెమ్‌తో వచ్చిన ఆ చిన్న భాష, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఎవరైనా కీబోర్డు మీద టైపు చేసి మాట్లాడగలిగినది కాబట్టే, నేటి మొబైల్ మోడెమ్‌లలోనూ బతికి ఉంది. తయారీదారు ఇచ్చే డ్రైవర్ మీద బతికే పరికరం ఆ తయారీదారు ఆసక్తి ఉన్నంతకాలమే మనది. బయటికి తెలిసిన భాష మాట్లాడే పరికరం మాత్రం కంప్యూటర్లు మారినా, ఆపరేటింగ్ సిస్టమ్‌లు మారినా మనదిగానే ఉంటుంది. కొనుగోలుదారులు వేగం గురించి అడిగినంత గట్టిగా ఈ సంగతిని అడగకపోవడమే నన్ను కలవరపెడుతోంది.

ఆ తెరిచిన భాష ఎంత దూరం పనికొస్తుందో మైక్రోసాఫ్ట్ హైపర్‌వైజరైన హైపర్-వి చూపిస్తుంది. అక్కడ గెస్టు కామ్ పోర్టును హోస్టు నిజమైన సీరియల్ పోర్టుకు నేరుగా కలిపే వీలు లేదు, రెండు ప్రోగ్రాములు మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్ దారి అయిన నేమ్డ్ పైప్‌కే కలపగలం. అయితే 1997 నాటి ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2217 ప్రకారం సీరియల్ పోర్టును నెట్‌వర్కు మీదకు ఎక్కించవచ్చు. మోడెమ్ ఉన్న లినక్స్ యంత్రంలో సెర్‌2నెట్ అనే ప్రోగ్రామును నడిపి, గెస్టులో ఆ ప్రమాణం తెలిసిన వర్చువల్ కామ్ పోర్టు డ్రైవరును పెడితే బైట్లతోపాటు వేగం, కంప్యూటర్ సిద్ధంగా ఉందని మోడెమ్‌కు చెప్పే డీటీఆర్, అవతలి మోడెమ్‌తో లైను కలిసి ఉందో లేదో చెప్పే క్యారియర్ స్థితి కూడా ప్రయాణిస్తాయి. కాల్ మధ్యలో మోడెమ్‌ను ఆదేశాలు వినేలా చేయడానికి పంపే మూడు ప్లస్ గుర్తులకు ముందూ వెనకా ఒక సెకను మౌనం కోరే పాత పద్ధతి నెట్‌వర్కు ఆలస్యాల మధ్య తడబడవచ్చు, కాబట్టి ఫోను పెట్టేయడానికి డీటీఆర్‌ను దించడమే మేలు. వర్చువల్ మెషీన్‌ను రేపు మరో హోస్టుకు తరలించినా, మోడెమ్ ఉన్నచోట నుంచి కదలనక్కర్లేదు.